చేతి టార్చి కొనునప్పుడు పెట్టెమీది అంకెలను చదువుట ఎట్లు?

రైతునకు రాత్రిపని తప్పదు. కాలువనీటి వంతు అర్ధరాత్రి వచ్చిన అర్ధరాత్రియే మడికి పోవలెను. కరెంటు ఏవేళ వచ్చిన ఆవేళ మోటారు వేయవలెను. జొన్న కంకిపట్టిన దినములలోను, వేరుసెనగ ఊడలు దిగిన దినములలోను అడవిపందులు మనకన్న ముందుగా చేనిలో దిగును. ఈనబోవు గేదె యున్న యింట కొట్టమునకు రాత్రి నాలుగు మాఱులైనను పోయిరాక గడవదు. ఇన్నింటికిని చేతిలో దీపముండవలెను. పూర్వము లాంతరుండెను, పిదప రెండు సెల్లుల టార్చి, మూడు సెల్లుల టార్చి వచ్చెను, నేడు ఎల్.ఇ.డి. టార్చి వచ్చి పాతదానిని దాదాపు తుడిచిపెట్టినది. దీపము తేలికయైనది, చవుకయైనది, కాంతియు హెచ్చినది. కాని కొనువేళ మునుపు లేని చిక్కొకటి వచ్చిపడినది. పెట్టెమీద అంకెలు పెరిగినవి. వాని యర్థము చెప్పువారు మాత్రము అంగడిలో కానరారు.

ఈ చిక్కును చిన్నదిగా నెంచరాదు. మన దేశమున పాముకాటు మరణములను గూర్చి 2020 లో ప్రకటితమైన యొక పరిశీలనలో, 2000 మొదలు 2019 వఱకు గల యిరువది సంవత్సరములలో సుమారు 12 లక్షలమంది, అనగా సగటున ఏటికి 58,000 మంది, పాముకాటుచే మరణించిరని లెక్క తేల్చిరి. వీరిలో అత్యధికులు పల్లెవాసులు. సగమువఱకు మరణములు జూను మొదలు సెప్టెంబరు వఱకు గల వానకాలపు నెలలలోనే జరిగినవి. ఈ బాధ హెచ్చుగా గల రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములును చేరియున్నవి. రక్తపింజర గట్టుమీది గడ్డిలో కదలక పడియుండును. కాలు దానిమీద పడినగాని అది యున్నదని తెలియదు. కట్లపాము రాత్రియందు తిరుగుచు, నేలమీద పండుకొన్నవారిని నిద్రలో కఱచును. అడుగు వేయబోవు చోటు ముందుగా కనబడిన యెడల ఈ యాపదలలో కొన్నింటినైనను తప్పించుకొనవచ్చును. కావున టార్చి కొనుటలో మోసపోయినవానికి పోవునది రూపాయలు మాత్రమే కాదు. నమ్మి చేతబట్టుకొని పోయిన దీపము గట్టు నడుమ ఆఱిపోవుట, అసలు దీపము లేకుండుటకన్న చెడ్డది. ఏలయనగా దీపము లేనివాడు ఇల్లు కదలకుండెడివాడు.

మా ప్రాంతపు సంతలో టార్చీలమ్ము దుకాణముకడ మేమొక గంటసేపు నిలిచి పెట్టెలమీది వ్రాతలను చదివితిమి. ఒకదానిమీద 10,000 ల్యూమెన్లు. పక్కదానిమీద 50 వాట్లు. మఱియొకదానిమీద రెండు కిలోమీటర్ల దూరము. వేఱొకదానిమీద ఎనిమిది గంటలు. వెల చూడబోయిన అన్నియు మూడునాలుగు వందల రూపాయల లోపలనే. కొనువారు అంకెలలో పెద్దదానిని చూచి చేత బట్టుకొని పోవుచున్నారు. వీనిలో ఏ యంకె దేనిని చెప్పునో, ఏది ఏమియు చెప్పదో, ఏది అబద్ధమని అరుగుమీద కూర్చుండియే లెక్కకట్టవచ్చునో చదువరులకు తెలుపుట ఈ వ్యాసముయొక్క పని.

మొదట వాట్ల మాట. వాటు అనునది దీపము తిను విద్యుత్తునకు కొలతగాని అది యిచ్చు వెలుతురునకు కాదు. గేదెను అమ్మవచ్చినవాడు అది పూటకెంత దాణా తినునో చెప్పి, పాలెన్ని యిచ్చునో చెప్పకున్న మనము కొందుమా? పూర్వపు తీగబల్బుల కాలమున అన్ని బల్బులును ఒకే తీరున పనిచేయుటచే వాట్లనుబట్టి వెలుతురు నూహించు అలవాటు మనకు పట్టువడినది. తీగబల్బు తిన్నదానిలో అధికభాగము వేడిగా పోయెడిది. ఎల్.ఇ.డి. యట్లు కాదు. నీలికాంతి నిచ్చు చిన్న పలుకుమీద పసుపుపూత పూసి తెల్లని వెలుతురు పుట్టింతురు. ఆ నీలికాంతి ఎల్.ఇ.డి. ని సాధించినందులకే అకసాకి, అమానో, నకమురా యను శాస్త్రజ్ఞులకు 2014 లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. ఇందు ఒక్కొక్క రకము ఒక్కొక్క విధముగా పనిచేయును; అదే యొక వాటునకు ఒకటి అరువది ల్యూమెన్లిచ్చిన మఱియొకటి నూటయేబది యీయవచ్చును. కాబట్టి వాట్ల యంకెను చూచి వెలుతురును నిర్ణయింపరాదు.

ల్యూమెను అను మాట లాటిన్ భాషలో వెలుతురునకే పేరు. టార్చి ముఖమునుండి అన్ని దిక్కులకును బయటపడు వెలుతురు మొత్తమునకు ఇది కొలత. ఒక కొవ్వొత్తి సుమారు పండ్రెండు పదుమూడు ల్యూమెన్ల వెలుతురు నిచ్చును. రెండు సెల్లుల పాత బల్బు టార్చియు అంతకెక్కువ యిచ్చెడిది కాదు. ఇరువది ల్యూమెన్లైనచో గొప్ప. అయినను ఆ టార్చి చింతచెట్టు కొమ్మమీది గుడ్లగూబను చూపెడిది. కొవ్వొత్తి చేతిలోనున్న చెంబును దాటి చూపదు. ఇంచుమించు మొత్తమొకటియే యైనప్పుడు ఈ భేదము ఎక్కడినుండి వచ్చినది? ఈ ప్రశ్నకు జవాబు తెలిసినవానిని దుకాణదారు మోసపుచ్చుట కష్టము.

మనకు తెలిసిన నీటి లెక్కతోనే చెప్పెదము. ల్యూమెన్లు మోటారు పోయు నీరు మొత్తము వంటివి. ఆ నీటిని ఎకరము పొలమునకంతకును పఱచిన మడిలో చెమ్మయే యగును. అదే నీటిని పది సెంట్ల నారుమడికి కట్టిన మోకాలిబంటి నిలుచును. మోటారు మాఱలేదు, నీరు మాఱలేదు, పఱచిన చోటు మాఱినది. నేలమీద పడిన వెలుతురుయొక్క ఈ లోతునకు లక్సు అని పేరు. ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెను పడిన నది ఒక లక్సు. ఇక టార్చి తన వెలుతురును ఎంత సన్నని ధారగా కూర్చి ఒకవైపునకు పంపుచున్నదో చెప్పునది క్యాండెలా. ఇదియు లాటిన్ మాటయే, కొవ్వొత్తి యని యర్థము. పూర్వపు పుస్తకములలో కొవ్వొత్తి బలమని వ్రాసెడివారు. పాత టార్చిలోని అద్దమువంటి గిన్నె బల్బు వెలుతురు నంతను ఒక ధారగా కూర్చెడిది. అందుచేతనే గుడ్లగూబ కనబడెడిది.

దూరము పెరిగినకొలది వెలుతురు తగ్గు తీరు ఒక నియమమునకు లోబడియున్నది. పది మీటర్ల దూరమున ఒక చాపంత మేర పడిన వెలుతురు ఇరువది మీటర్ల దూరమున పొడవునను వెడల్పునను రెండింతలై నాలుగు చాపలంత మేరకు పఱచుకొనును. కావున లోతు నాలుగవ వంతగును. దూరము మూడింతలైన తొమ్మిదవ వంతు, పదింతలైన నూఱవ వంతు. క్యాండెలాను దూరముయొక్క వర్గముచే భాగించిన ఆ దూరమున పడు లక్సు వచ్చును. ఇంతకన్న కఠినమైన గణితము ఇందు లేదు.

పెట్టెమీది మీటర్ల యంకె ఈ లెక్కనుండియే పుట్టినది. 2009 కి పూర్వము ఒక్కొక్క కంపెనీ తనకు తోచినట్లు కొలిచి వ్రాసికొనెడిది. ఆ సంవత్సరమున అమెరికాలో టార్చి తయారుచేయువారు కూడి ఆన్సి ఎఫ్.ఎల్. 1 అను ప్రమాణము నేర్పఱచుకొనిరి. 2019 లో దానిని సవరించిరి. ఈ ప్రమాణమున దూరమనగా టార్చి వెలుతురు తగ్గి తగ్గి 0.25 లక్సునకు దిగు చోటు. 0.25 లక్సు అనగా మబ్బులేని పున్నమినాటి వెన్నెల. దీనినిబట్టి సులభమైన సూత్రమొకటి వచ్చుచున్నది: క్యాండెలా యంకెకు వర్గమూలము కట్టి రెండింతలు చేసిన మీటర్లు వచ్చును. 2,500 క్యాండెలాలకు మూలము 50. దూరము 100 మీటర్లు. 10,000 క్యాండెలాలకు 200 మీటర్లు. 40,000 క్యాండెలాలకు 400 మీటర్లు. దూరము రెండింతలు కావలెనన్న క్యాండెలాలు నాలుగింతలు కావలెనని ఇందుచే తెలియును. రెండు కిలోమీటర్లని వ్రాసిన టార్చికి పది లక్షల క్యాండెలాలుండవలెను. అట్టివి లోకములో లేకపోలేదు; మూడువందల రూపాయలకు సంతలో దొరకవు.

ఇచ్చట రైతు గుర్తించవలసినది మఱియొకటి కలదు. పున్నమి వెన్నెలలో మనిషి నిలిచియున్నాడని తెలియును. పాము పడియున్నదని తెలియదు. 200 మీటర్లని వ్రాసిన టార్చి 200 మీటర్ల కడ పనికివచ్చునని తలచుట పొరపాటు. సగము దూరమున, అనగా 100 మీటర్ల కడ, ఒక లక్సు పడును. అచ్చట పందియో పశువో పోల్చుకొనవచ్చును. నాలుగవ వంతు దూరమున, 50 మీటర్ల కడ, నాలుగు లక్సులు పడును; అచ్చట గట్టు తెగినదో లేదో చూడవచ్చును. పెట్టెమీది మీటర్లను నాలుగుచే భాగించి వచ్చినదానిని తన పొలపు దూరముగా ఎంచుకొనువాడు నిరాశపడడు.

ఇప్పుడు రెండు టార్చీలను పక్కపక్కన పెట్టి చూతము. రెండును నిజముగా 300 ల్యూమెన్లే యిచ్చుననుకొందము. మొదటిదానికి 10,000 క్యాండెలాలు, రెండవదానికి 900. మొదటిది 200 మీటర్ల టార్చి, రెండవది 60 మీటర్ల టార్చి. అంగడివాడు మొదటిదానినే పొగడును. కాని గట్టుమీద నడచువాడు చూచునది నాలుగైదు మీటర్ల మేరయేగదా. అంత దగ్గఱ మొదటి టార్చి ఒక పెద్ద తట్టంత మేర కండ్లు చెదరునట్లు వెలిగించి, ఇరుప్రక్కల నుండు గడ్డిని ఇంకను చీకటిచేసి చూపును. రెండవది దారిని, రెండుప్రక్కల గడ్డిని, కాలి కిందను ఒక్కసారిగా చూపును. నాలుగు మీటర్ల కడ దానికి ఏబదికి పైగా లక్సులుండును, అది చాలినంత. నడకకు రెండవదియే మేలు. మంచెమీద కూర్చుండి చేని ఆవలి కొసను చూడవలసినవానికి మొదటిది కావలెను. రెండు పనులకును ఒకదానినే కొనదలచినవాడు ముందుభాగమును లాగి వెలుతురును కుదించుటకును విప్పుటకును వీలగుదానిని కొనవచ్చును. అయితే వానిలో పెక్కింట వెలుతురును సన్నగా కుదించినపుడు కొంతభాగము గొట్టములోపలనే చిక్కి వ్యర్థమగును. పెట్టెమీది ల్యూమెన్లు విప్పినప్పటివి యని తెలిసికొనవలెను.

నడకకు నూఱు ల్యూమెన్ల ప్రాంతమున విప్పుగల వెలుతురు చాలును. ఇంటి కొట్టమునకు అందులో సగము చాలును. అంతకెక్కువ పెద్ద దీపమును దగ్గఱిచూపునకు వాడుట యొకవిధముగా కీడే. చీకటికి కన్ను పూర్తిగా అలవాటుపడుటకు అరగంట పట్టును; ఒక్కమాఱు గొప్ప వెలుతురు చూచిన ఆ యలవాటు పోయి, దీపపు మేరకు ఆవలనున్న దంతయు నల్లని గోడవలె తోచును. మఱియు కంటికి వెలుతురు రెండింతలైనట్లు తోచవలెనన్న ల్యూమెన్లు ఇంచుమించు నాలుగింతలు కావలసియుండును. కావున 300 ల్యూమెన్లదానికిని 350 ల్యూమెన్లదానికిని కన్ను భేదము కనిపెట్టలేదు. ఆ భేదమునకై నూఱు రూపాయలెక్కువ పెట్టుట తెలివికాదు.

ఇక గంటల యంకె. మా తలంపున పెట్టెమీది అంకెలలో మనుష్యుని మిక్కిలి భ్రమింపజేయునది ఇదియే. అబద్ధము కానప్పుడు సైతము భ్రమింపజేయును. పైని చెప్పిన ప్రమాణమునందు ల్యూమెన్లను దీపము వెలిగించిన అర నిమిషము మొదలు రెండు నిమిషములలోపల కొలుతురు. గంటలను మాత్రము, అర నిమిషమున నున్న వెలుతురు పదవ వంతునకు పడిపోవువఱకు లెక్కింతురు. 1,000 ల్యూమెన్లు, మూడు గంటలు అని వ్రాసిన టార్చి మూడు గంటలును వేయి ల్యూమెన్లిచ్చునని చదువరి తలంచును. జరుగునది వేఱు. కొలది నిమిషములలో టార్చి వేడెక్కి తనంతటతానే వెలుతురును తగ్గించుకొనును. పిదప మూడువందలు, రెండువందలుగా నడచి, మూడవ గంట చివర నూఱు ల్యూమెన్లకు దిగును. ఇదంతయు నియమము ప్రకారమే. మొదటి నిమిషమున ఎద్దు పరుగెత్తిన వేగమును జూచి దినమంతయు అట్లే దున్నునని ఎంచుట యెట్టిదో ఇదియు నట్టిదే. మంచి కంపెనీలు పెద్ద వెలుతురునకు, నడిమి వెలుతురునకు, చిన్న వెలుతురునకు వేఱువేఱుగా గంటలు వ్రాయును. రైతు చూడవలసినది నడిమి వెలుతురు గంటలను.

ప్రమాణమును పాటించిన టార్చి సంగతి యది. ఏ ప్రమాణమును పాటింపక నోటికి వచ్చిన అంకె వ్రాసికొను టార్చి సంగతి యేమి? సంతలో దొరకునవి హెచ్చుగా ఇవియే. వీనిని పట్టుకొనుటకు యంత్రములక్కఱలేదు. టార్చి మూత విప్పి లోపలి సెల్లుమీది వ్రాతను చదువవలెను. బావిలో ఊరు నీటికన్న ఎక్కువ నీటిని ఏ మోటారును పోయజాలదు. సెల్లులో నున్న శక్తికన్న ఎక్కువ వెలుతురును ఏ టార్చియు ఈయజాలదు.

లెక్క యిట్లు. సెల్లుమీద మిల్లీ ఆంపియర్ గంటలు, వోల్టులు అని రెండంకెలుండును. మిల్లీ ఆంపియర్ గంటలను వేయిచే భాగించి వోల్టులచే గుణించిన వాటు గంటలు వచ్చును. అదియే బావిలోని నీరు. మంచి టార్చి ఒక వాటు గంటకు సుమారు నూఱు ల్యూమెన్లను ఒక గంటసేపు ఇచ్చును. మిక్కిలి మేలైనది నూటయేబదివఱకు ఈయవచ్చును. నాసిరకములు అరువది డెబ్బదితో సరి. ఇప్పటి టార్చీలలో వాడు పొడవాటి లిథియం సెల్లునకు 18650 అని పేరు. పదునెనిమిది మిల్లీమీటర్ల లావు, అరువదియైదు మిల్లీమీటర్ల పొడవు. పేరున్న కర్మాగారములవి సాధారణముగా 2,000 మొదలు 3,500 మిల్లీ ఆంపియర్ గంటలవఱకు నిలువచేయును. 2,500 దానిని తీసికొన్న, 2.5 ను 3.7 వోల్టులచే గుణింప తొమ్మిది వాటు గంటలు వచ్చును. అనగా 300 ల్యూమెన్లు మూడు గంటలు, లేదా 100 ల్యూమెన్లు తొమ్మిది గంటలు. ఇది న్యాయమైన టార్చి. అదే కొలతగల సెల్లుమీద 9,900 అని అచ్చువేసి యున్న యెడల ఆ సెల్లును, దానిని పెట్టినవానిని ఇద్దఱిని నమ్మరాదు.

మా సంఘ సభ్యుడొకడు సంతలో కొన్న టార్చిని మాకు తెచ్చి చూపెను. పెట్టెమీద 10,000 ల్యూమెన్లు, ఎనిమిది గంటలు. మూత విప్పగా సెల్లుమీద 1,200 మిల్లీ ఆంపియర్ గంటలని యున్నది. అరుగుమీద బొగ్గుముక్కతో లెక్క వేసితిమి. 1.2 ను 3.7 చే గుణింప నాలుగున్నర వాటు గంటలకు కొంచెము తక్కువ. అనగా గంటసేపు నాలుగువందల నలుబది ల్యూమెన్లు. పెట్టె చెప్పినది నిజమగుటకు గంటసేపు ఎనుబదివేల ల్యూమెన్లకు సరిపడు శక్తి కావలెను. నూఱింట ఒక వంతైనను లేదు. ఎనిమిది గంటలు వెలిగిన మాట నిజమైనచో వెలుతురు ఏబదియైదు ల్యూమెన్లే. 10,000 ల్యూమెన్ల మాట నిజమైనచో దానికి నూఱు వాట్లు కావలెను, సెల్లు మూడు నిమిషములలోపల అడుగంటవలెను, ఆ వేడికి టార్చిని చేత పట్టుకొనజాలము. ఆ సభ్యుడు చాలసేపు మాటాడక, తుదకు, "అయ్యా, అయితే ఈ పెట్టెమీద నిజమైన మాట ఏదైనను ఉన్నదా?" యని యడిగెను. వెల నిజము, అంటిమి. అతనికి నవ్వురాలేదు, మాకును ఆ మాట అనవలసినది కాదనిపించినది. అతడు రాత్రివేళ కోసుదూరము నడచి మోటారు వేయువాడు.

సీసపు బ్యాటరీగల టార్చీలు ఇంకను పల్లెలలో కలవు. గోడ ప్లగ్గులో పెట్టి చార్జీ చేయునవి. వీనికి వోల్టులు సాధారణముగా నాలుగు. 900 మిల్లీ ఆంపియర్ గంటలదైన మూడున్నర వాటు గంటలు. పై లెక్కయే చెల్లును. వీని కొక గుణము కలదు: చార్జీ అయిపోయిన పిదప అట్లే మూలబెట్టిన లోపలి పలకలు చెడి మఱల నిలువ పట్టవు. పంట అయిపోయి టార్చితో పనిలేని నెలలలోను నెలకొక మాఱు చార్జీ చేయుచుండవలెను. తడిచేతితో ప్లగ్గును తాకరాదు. చార్జీ యగుచుండగా టార్చిని వెలిగించి పట్టుకొనరాదు. చవుకరకములలో ఇంటి కరెంటు లోపలి రేకులవఱకు వచ్చును.

రంగును గూర్చి కొంత. కొన్ని పెట్టెలమీద 6,500 కెల్విన్ అనియు 3,000 కెల్విన్ అనియు ఉండును. మొదటిది నీలము కలిసిన తెలుపు, రెండవది పాత బల్బువంటి పసుపు తెలుపు. ఈ యంకె వెలుతురు ఎంతయో చెప్పదు. ఎట్టి రంగుదో చెప్పును. దీనికన్న ముఖ్యమైనది సి.ఆర్.ఐ. అనునది, పగటి యెండలో రంగులు కనబడునట్లు ఈ దీపములో ఎంతవఱకు కనబడునో నూటికి లెక్కించి చెప్పునది. సాధారణపు టార్చీలకు డెబ్బది ప్రాంతము. తొంబదికి పైనున్నవియు దొరకును, ల్యూమెన్లు కొంచెము తగ్గును. గోధుమరంగు ఆకులమీద గోధుమరంగు పింజరను పోల్చవలసినపుడు ఆ తగ్గుటకు చింతింపనక్కఱలేదు. మా వృత్తిలోని వారికి ఇందు మఱియొక లాభము కలదు. పొగాకు లద్దెపురుగు పగలు మట్టిబీటలలో దాగి రాత్రి మేయును. పగలు చేనుచూచి పురుగులేదని చెప్పినవారే రాత్రి టార్చితో చూచి ఆశ్చర్యపడుట మే మెఱుగుదుము. ఆకు రంగు ఉన్నదున్నట్లు చూపు దీపమైన తిన్న ఆకును, తెగులు సోకిన ఆకును వేఱుపఱుపవచ్చును. ఈ విషయము వేఱొక వ్యాసమునకు తగినది.

నీటి గుర్తులలో ఐ.పి.ఎక్స్. 4 అన్న వానచినుకులకు ఓర్చును, ఐ.పి.ఎక్స్. 7 అన్న మీటరు లోతు నీటిలో అరగంట పడియున్నను చెడదు. కాలువలో దిగువారు రెండవదానిని కొనవలెను.

సెల్లు విప్పి చూచుటకు దుకాణదారు ఒప్పుకొనని చోట కొనకుండుటయే మంచిది. ఒప్పుకొన్న చోట సెల్లుమీది అంకెలతోపాటు భారతీయ ప్రమాణముల సంస్థ గుర్తును, ఐ.ఎస్. 16046 అను సంఖ్యను చూడవలెను. చార్జీ చేసికొను లిథియం సెల్లుల భద్రతకు సంబంధించిన ప్రమాణమది. పెట్టెమీద తయారుచేసినవారి లేదా దిగుమతి చేసినవారి పేరు, చిరునామా, గరిష్ఠపు వెల ఉండవలెనని 2011 నాటి తూనికలు కొలతల నియమములు చెప్పుచున్నవి. చిరునామా లేని పెట్టెలోని అంకెకు జవాబుదారి ఎవడును లేడు. బిల్లు తీసికొనవలెను. తప్పు అంకెలు వ్రాసి అమ్ముట 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద నేరముగా ఫిర్యాదు చేయదగినది; 1915 అను టెలిఫోను సంఖ్యకు తెలుగులోనే చెప్పుకొనవచ్చును. బిల్లు లేనివాని ఫిర్యాదు నిలుచుట కష్టము.

ఒక్కొక్కరు సంతకు పోయి ఒక్కొక్కటి కొనుటకన్న, సంఘము తరఫున ఒక నమూనాను తెప్పించి పరీక్షించి పిమ్మట నలుబదియో ఏబదియో ఒక్కమాఱు తెప్పించుట మేలు. విత్తనములను మొలకశాతము చూచినగాని పంచిపెట్టని సంఘము టార్చీలను చూడక పంచుట ఎందుకు? పరీక్షకు కావలసినవి సంఘపు గిడ్డంగి, చీకటి, ఒక స్మార్ట్ ఫోను. ఫోను ముఖముమీద వెలుతురును పసిగట్టు చిన్న కన్నొకటి యుండును. లక్సు చూపు యాప్‌లు ఉచితముగా దొరకును. వీని యంకె తక్కెడ తూకము కాదు, చేతి యంచనా. అయినను రెండింటిని పోల్చుటకు చాలును. గిడ్డంగి తలుపులు మూసి, ఫోనునకు సరిగా అయిదు మీటర్ల దూరమున టార్చిని పెట్టి, వెలిగించిన అర నిమిషమునకు ధార నడుమ లక్సు చదువవలెను. దానిని ఇరువదియైదుచే గుణించిన క్యాండెలాలు వచ్చును. 400 లక్సులు చూపిన 10,000 క్యాండెలాలు. అనగా 200 మీటర్లు. పెట్టె 1,000 మీటర్లని చెప్పుచున్న, మిగిలిన ఎనిమిదివందలు ఎక్కడ పోయినవని కంపెనీని అడుగవచ్చును.

మొత్తము వెలుతురును పోల్చుటకు ప్రమాణము పాటించిన టార్చి నొకదానిని పడికట్టు రాయివలె సంఘమున ఉంచుకొనవలెను. దానిని నేలమీద నిలిపి తెల్లని పైకప్పునకు వెలిగించి, పక్కన నేలమీద పెట్టిన ఫోనులో లక్సు చదివి, అదే చోట అదే విధముగా కొత్తదానిని చూడవలెను. పడికట్టు 300 ల్యూమెన్లదై పన్నెండు లక్సులు చూపగా కొత్తది నాలుగు చూపిన, అది నూఱు ల్యూమెన్లది. పెట్టెమీద ఎన్ని సున్నలున్నను నూఱే.

కడపట గంటల పరీక్ష. నిండుగా చార్జీ చేసి సాయంకాలము ఆఱు గంటలకు నడిమి వెలుతురులో వెలిగించి, గోడకు వార్తాపత్రిక నొకదానిని అంటించి దానిమీద పడునట్లు పెట్టవలెను. అరగంట కొకమాఱు ఎవరో ఒకరు పోయి లక్సు వ్రాసి, పత్రికలోని చిన్న అక్షరములు వెలుగున కనబడుచున్నవో లేవో చూడవలెను. వెలుతురు సగమైన వేళ, పదవ వంతైన వేళ, ఆఱిన వేళ, ఈ మూడింటిని సంఘపు పుస్తకములో టార్చి పేరు, సెల్లుమీది అంకెలు, కొన్న వెల పక్కన వ్రాసి, చూచిన యిద్దఱు సభ్యులు చేవ్రాలు చేయవలెను. ఆ పుస్తకము బీరువాలో పెట్టక, కొనవచ్చిన సభ్యులు తిరుగవేసి చూచుకొనుటకు వీలుగా బల్లమీదనే ఉంచవలెను.